మాట పడిపోయినవారికి పరీక్ష: తెరమీదనా, ఎదుటనా?

పక్షవాతము వచ్చిన పెద్దలకు కాలుసేతులు కొంత కుదుటపడినను మాట రాకపోవుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. నీళ్లు కావలసి మరియొక మాట పలుకుదురు. కన్నకొడుకు పేరు నోటికి రాదు. చుట్టములు “మతి చెడినది” అందురు. సోదరీమణులారా, అది మతి చెడుట కాదు. మెదడులో భాషకు సంబంధించిన భాగము దెబ్బతినుటవలన కలుగు లోపము. వైద్యులు దీనిని అఫేసియా యందురు. 1861లో పారిసు నగరమున బ్రోకా యను వైద్యుడు, “టాన్” అను శబ్దము తప్ప దాదాపు మరేమియు పలుకలేని రోగి మరణించిన పిమ్మట అతని మెదడును పరీక్షించి, ఎడమవైపు ముందుభాగమున గాయమును కనుగొనెను.

హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో పక్షవాతరోగులు 608 మందిని గూర్చి డాక్టరు సువర్ణ అల్లాడిగారును తోడి పరిశోధకులును 2016లో ప్రచురించిన వ్యాసమునుబట్టి, ఇంచుమించు పదిమందిలో నొకరికి ఈ లోపముండెను.

చికిత్సకు ముందు పరీక్ష యవసరము. పలుకుట, గ్రహించుట, విన్నది తిరిగి చెప్పుట, వస్తువుల పేర్లు చెప్పుట, చదువుట, వ్రాయుట: వీనిలో ఏది పోయినది, ఏది మిగిలినది యని తేల్చినగాని సాధన మొదలుపెట్టరాదు. ఇట్టి పరీక్షలలో పేరొందిన వెస్టరన్ అఫేసియా బ్యాటరీకి తెలుగు రూపమును కలదు.

అయితే నల్లగొండ, మహబూబునగరములనుండి హైదరాబాదు సుమారు నూరు కిలోమీటరులు. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతముల తండాలవారికి బస్సు చేరుటయే ప్రయాస. రోగిని ఎత్తి దింపవలయును. తోడు వచ్చువారికి ఆనాటి కూలి పోవును. కావున ఫోను తెరపై పరీక్ష చేయించుకొనవచ్చునా యను ప్రశ్న పుట్టినది.

2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు 32 మందిని, 2020లో అమెరికాలోని బోస్టను విశ్వవిద్యాలయమువారు 20 మందిని పరీక్షించి, తెరమీది ఫలితములు ఎదుటి ఫలితములకు చాలవరకు సరిపోయినవని తెలిపిరి. కాని అవి యాంగ్లభాషవారి పరీక్షలు. సాధనములు చక్కగా నమర్చి చేసినవి. లోపము తీవ్రమైనవారికిని, చూపు వినికిడి తగ్గినవారికిని, వస్తువులను చేతితో కదిలించి చూపవలసిన యంశములకును ఎదుటి పరీక్షయే మేలు.

మరియొక చిక్కు భాష. చొక్కా బొమ్మకు “అంగి” అనియు, బంగాళాదుంపకు “ఆలుగడ్డ” అనియు చెప్పినచో అది తప్పు కాదు. రోగి లంబాడీయో, ఉర్దూవో, నారాయణపేట వైపు కన్నడమో ఇంట మాటలాడువాడైన, ఆ సంగతి పరీక్షకులకు ముందే తెలుపవలయును.

తెరమీది పరీక్షలో ఇంటి యిల్లాలి బాధ్యత మిక్కిలి గొప్పది. వెలుతురు ముఖముపై పడునట్లు కూర్చుండబెట్టవలయును. టీవీ, మిక్సీ ఆపవలయును. కంటద్దములు, చెవియంత్రము మరువరాదు. అన్నిటికంటె ముఖ్యము: జవాబు అందింపరాదు. భర్త తడబడుచుండగా పెదవి కదపక యుండుట కష్టమే. కాని మనమందించిన మాట ఆయన మాటగా లెక్కకెక్కి, లోపము మరుగుపడి, తగిన సాధన తప్పిపోవును.

మా యభిప్రాయమిది. మొదటి పరీక్ష వీలైనంతవరకు ఎదుటనే, అనగా సికిందరాబాదులోని అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రమువంటి చోట, చేయింపవలయును. పిమ్మటి పరీక్షలును సాధనయు తెరమీద సాగవచ్చును. ప్రయాణమే యసాధ్యమైనచో, పరీక్షయే లేకుండుటకంటె తెర యెంతయో నయము.

ఒక హెచ్చరిక. మాట హఠాత్తుగా తడబడినను, మూతి వంకరయైనను, తెరకొరకు వేచియుండరాదు. వెంటనే 108కి ఫోను చేయవలయును. మెదడులోని రక్తపుగడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే ఈయదగినది. ఆ గడియలలో మన చురుకుదనమే ఇంటివారి మాటను నిలుపవచ్చును.