గిటార్ వినిపిస్తుంది, పేరు మాత్రం కనిపించదు: టామీ టెడెస్కో కథ

ఇవాళ ముందు ఒక చిన్న పని చెయ్యండి. మీ ఫోన్‌లో మీకు బాగా ఇష్టమైన పాట ఒకటి ఓపెన్ చెయ్యండి. పాడిందెవరో ఉంటుంది, మ్యూజిక్ డైరెక్టర్ పేరు ఉంటుంది, రాసినవాళ్ళ పేరూ ఉండొచ్చు. మరి ఆ పాట మొదట్లో వచ్చే గిటార్ బిట్ వాయించింది ఎవరు? చాలా పాటలకి ఆ పేరు ఎంత వెతికినా దొరకదు. కానీ మనం స్నానం చేస్తూ హమ్ చేసేది ఒక్కోసారి ఆ బిట్‌నే కదా.

అలా పేరు కనిపించకుండా వాయించినవాళ్ళలో అందరికన్నా ఎక్కువ వాయించిన ఆయన గురించే ఈ ఎపిసోడ్. పేరు టామీ టెడెస్కో. 1930లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ అనే ఊళ్ళో పుట్టాడు. 1950లలో లాస్ ఏంజెలెస్ చేరాడు. చరిత్రలో అత్యధిక రికార్డింగుల్లో వాయించిన గిటారిస్ట్ ఈయనే అని గిటార్ ప్లేయర్ అనే మ్యాగజైన్ రాసింది. వందలు కాదు, వేల రికార్డింగులు. అయినా మనలో ఎంతమందికి తెలుసు? నిజం చెప్పాలంటే, నాకూ కొన్నేళ్ళ క్రితం దాకా తెలీదు.

అసలు సెషన్ ప్లేయర్ అంటే ఏంటి? మన పాటలు మద్రాసులో రికార్డ్ అయ్యే రోజుల్లో కాల్‌షీట్ అనేవాళ్ళు చూడండి, దాదాపు అదే పద్ధతి. ఫోన్ వస్తుంది, స్టూడియోకి వెళ్తావు, ఎదురుగా నొటేషన్ కాగితం పెడతారు, వాయిస్తావు, డబ్బు తీసుకుని ఇంకో స్టూడియోకి పరిగెడతావు. అక్కడ ఒక సెషన్ అంటే 3 గంటలు. పొద్దున రాక్, మధ్యాహ్నం టీవీ సీరియల్‌కి మ్యూజిక్, సాయంత్రం సినిమా. ఏ కాగితం ముందుంటుందో వెళ్ళేదాకా తెలీదు.

ఇప్పుడు టెడెస్కో లిస్ట్ వినండి. బీచ్ బాయ్స్, ఎల్విస్ ప్రెస్లీ, ఫ్రాంక్ సినాట్రా, సామ్ కుక్, షెర్, ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్. ఇందులో రాక్ ఉంది, సోల్ ఉంది, జాజ్ ఉంది. ఫ్రాంక్ జప్పా చేసిన లంపీ గ్రేవీ అనే చాలా విచిత్రమైన ఆర్కెస్ట్రా ఆల్బమ్ ఉంది, దాంట్లోనూ ఈయన గిటారే. టీవీకి వస్తే బొనాంజా థీమ్, 1966 నాటి బ్యాట్‌మ్యాన్ థీమ్, మ్యాష్ షో మొదట్లో మెల్లగా వచ్చే ఆ గిటార్. సినిమాల్లో గాడ్‌ఫాదర్, జాస్. అదే మనిషి, అవే చేతులు.

ఇన్ని రకాలు ఒక్కడే ఎలా వాయించగలిగాడు? ఇక్కడే నాకు బాగా నచ్చిన విషయం ఉంది. సినిమా సంగీతంలో కంపోజర్లకి ఒక్కోసారి మాండొలిన్ కావాలి, ఒక్కోసారి యుకులేలి, బాంజో, సితార్, ఇంకేదో పేరు కూడా నోరు తిరగని వాయిద్యం. టెడెస్కో గిటార్ కాకుండా దాదాపు 30 తీగ వాయిద్యాలు వాయించేవాడు. వినగానే అబ్బో అనిపిస్తుంది కదా. సీక్రెట్ ఏంటంటే, అన్నింటినీ గిటార్ ట్యూనింగ్‌లోకి మార్చేసేవాడు!

కొంచెం వివరంగా చెప్తా. మాండొలిన్ తీగలు మామూలుగా కింది నుంచి పైకి జి, డి, ఎ, ఇ స్వరాలకి ఉంటాయి, వయొలిన్ లాగే. గిటార్‌లో చివరి నాలుగు తీగలు డి, జి, బి, ఇ. మాండొలిన్ తీగల్ని ఈ స్వరాలకి బిగిస్తే వేళ్ళకి సంబంధించినంత వరకు అది చిన్న గిటారే. శబ్దం మాత్రం మాండొలిన్‌దే. మైక్‌కి కావాల్సింది ఆ శబ్దం, వేళ్ళు ఎక్కడున్నాయో మైక్‌కి అనవసరం. మన సితార్ గురువులు వింటే ఏమంటారో నాకు తెలీదు గానీ, ముందెప్పుడూ చూడని నొటేషన్‌ని అప్పటికప్పుడు చదివి తప్పు లేకుండా వాయించాల్సిన మనిషికి ఇంతకన్నా తెలివైన దారి లేదు. దీన్ని మోసం అనేవాళ్ళూ ఉంటారు. నేను అనను.

ఇక పేరు సంగతి. 1960లలో లాస్ ఏంజెలెస్‌లో ఒక పాతిక ముప్ఫై మంది సెషన్ వాళ్ళే పెద్ద పెద్ద హిట్లన్నీ వాయించేవాళ్ళు. డ్రమ్మర్ హాల్ బ్లేన్ వాళ్ళని తర్వాత రెకింగ్ క్రూ అన్నాడు. బాస్ వాయించిన కరోల్ కే మాత్రం, మమ్మల్ని అప్పట్లో అలా ఎవరూ పిలవలేదు అని గట్టిగా అంటుంది. ఏదైనా, కవర్ మీద ఉన్న బ్యాండ్ ఒకటి, లోపల వాయించింది ఇంకొకళ్ళు. 1965లో బర్డ్స్ అనే బ్యాండ్ మొదటి హిట్‌లో ఆ బ్యాండ్ నుంచి వాయించింది రోజర్ మెక్‌గిన్ ఒక్కడే, మిగతా అంతా సెషన్ వాళ్ళు. మెక్‌గిన్ చెప్పిన లెక్క వినండి: సెషన్ వాళ్ళతో ఒక్క 3 గంటల్లో 2 పాటలు అయిపోయాయి. తర్వాత బ్యాండ్ సొంతంగా వాయించినప్పుడు ఒక్క పాటకే 77 టేకులు పట్టాయి. స్టూడియో అద్దె కట్టే కంపెనీ ఎవర్ని పిలుస్తుందో మీరే చెప్పండి.

టెడెస్కో దీనికి ఏడ్చుకుంటూ కూర్చోలేదు. పక్కన కూర్చుని వాయించిన గ్లెన్ క్యాంప్‌బెల్ నొటేషన్ చదవడం రాకపోయినా పెద్ద స్టార్ అయిపోయాడు. ఈయన మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఒక పని ఒప్పుకోవడానికి ఈయనకి నాలుగు కారణాలు: డబ్బు, పరిచయాలు, అనుభవం, లేదా ఊరికే సరదా. నాలుగింట్లో ఒక్కటి ఉన్నా చాలు. గిటార్ ప్లేయర్‌లో స్టూడియో లాగ్ అని కాలమ్ రాసేవాడు. ఒక సెషన్‌లో ఏ వాయిద్యాలు వాడాడు, ఎక్కడ ఇరుక్కున్నాడు, ఎలా బయటపడ్డాడు, ఎంత డబ్బు వచ్చింది, అన్నీ ఓపెన్‌గా రాసేసేవాడు. డబ్బు లెక్క కూడా! మన దగ్గర ఎవరైనా అలా రాస్తారా? 1970ల చివర్లో తన పేరు మీద జాజ్ ఆల్బమ్‌లు కూడా చేశాడు. 1992లో స్ట్రోక్ వచ్చి ఒక పక్క చచ్చుబడింది. గిటార్ ఆగిపోయింది. మరుసటి ఏడాది ఆత్మకథ తెచ్చాడు.

తర్వాత జరిగింది చెప్తే మీకు కొంచెం కోపం వస్తుంది. ఆయనకి క్యాన్సర్ అని తెలిశాక, 1996లో కొడుకు డెనీ టెడెస్కో కెమెరా పట్టుకున్నాడు. నాన్ననీ, హాల్ బ్లేన్‌నీ, కరోల్ కేనీ, శాక్సొఫోన్ వాయించిన ప్లాస్ జాన్సన్‌నీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి మాట్లాడించాడు. 1997 నవంబర్‌లో టామీ చనిపోయాడు. సినిమా 2008కి రెడీ అయింది, ఫెస్టివల్స్‌లో ఆడింది. థియేటర్లకి రావడానికి మాత్రం 2015 అయింది. ఎందుకు? వందకు పైగా పాటల ముక్కలున్నాయి, ఒక్కోదానికీ హక్కుల డబ్బు కట్టాలి. ఆ పాటల్లో చాలావాటిలో గిటార్ వాళ్ళ నాన్నది, డ్రమ్స్ నాన్న ఫ్రెండ్‌వి. హక్కులు మాత్రం లేబుళ్ళవి, పబ్లిషర్లవి. యూనియన్ వల్ల సెషన్ వాళ్ళకి ఫీజు సరిగ్గానే వచ్చింది, కొన్నిచోట్ల మళ్ళీ వాడుకున్నందుకు అదనంగా కూడా వచ్చింది. పాట మీద ఓనర్‌షిప్ మాత్రం రాలేదు. కొడుకు చివరికి ఆన్‌లైన్‌లో జనం దగ్గర చందాలు పోగుచేసి మరీ ఆ లైసెన్సులు కట్టాడు.

ఆ సినిమా పేరు ద రెకింగ్ క్రూ. దొరికితే చూడండి, బల్ల చుట్టూ ఆ నలుగురూ ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకునే సీన్లు మిస్ కావొద్దు. ముందు మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మ్యాష్ థీమ్, దాని వెంటనే బ్యాట్‌మ్యాన్ థీమ్ వినండి. రెండూ ఒకే మనిషి వాయించాడంటే నమ్మబుద్ధి అవుతుందో లేదో కామెంట్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కరోల్ కే. ఆవిడ కూడా మొదట గిటారిస్టే, బాస్‌కి ఎలా మారిందో అప్పుడు మాట్లాడుకుందాం. ఉంటా మరి.