పెట్టె మీది వాట్లు, మీటరు చూపే వాట్లు

చలికాలం రాగానే చికాగోలోనూ న్యూజెర్సీలోనూ తెలుగువాళ్ల కరివేపాకు కుండీలు ఇంట్లోకి చేరతాయి. ఎండ చాలదు కాబట్టి వాటిపైన గ్రో లైటు వేలాడుతుంది. దాని పెట్టె మీద '1000 వాట్లు' అని ఉంటుంది. ప్లగ్గులోంచి అది లాగేది మాత్రం చాలాసార్లు వందకీ రెండొందలకీ మధ్యే. లోపలి ఎల్‌ఈడీలన్నీ గరిష్ఠంగా ఓర్చుకోగల వాట్లను కూడి ఆ అంకె వేస్తారు, లేదా పాత సోడియం దీపంతో పోల్చి వేస్తారు. బిల్లుకు ఆ రెండింటితోనూ పని లేదు. నిజంగా ఖర్చయ్యే కరెంటును లెక్కగట్టేది మీటరు. ఆ పని దానికి ఒక్కరోజులో అబ్బలేదు.

1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది. ఆయన మీటరులో ముళ్లూ అంకెలూ లేవు. గాజు జాడీలో జింక్ సల్ఫేట్ ద్రావణం, అందులో జింక్ పలకలు. ఇంటికొచ్చే కరెంటులో చిన్న పాయను జాడీ గుండా పంపితే ఒక పలక కరిగి, రెండోదానిమీద జింక్ పేరుకునేది. నెలనెలా మనిషి వచ్చి పలకలు పట్టుకెళ్లి తూచేవాడు. చలికి ద్రావణం గడ్డకట్టకుండా పెట్టెలో ఒక బల్బు కూడా అమర్చారు. తన వాడకం ఎంతో ఇంటివాడు చూసుకునే దారే లేదు.

పైగా అది ఒకే దిశలో పారే డీసీ కరెంటుకే పనికొచ్చేది. ఏసీ వచ్చాక కొత్త మీటరు కావలసి వచ్చింది. 1888లో వెస్టింగ్‌హౌస్ ఇంజినీరు ఆలివర్ షాలెన్‌బర్గర్ ఒక ఆర్క్ దీపాన్ని పరీక్షిస్తుంటే చిన్న స్ప్రింగు ఊడి దీపంలోనే పడింది. అది తనంతట తానే తిరగడం ఆయన కంటపడింది. అయస్కాంత క్షేత్రమే దాన్ని తిప్పుతోందని గ్రహించి, కొద్ది వారాల్లోనే తిరిగే మీటరు తయారుచేశాడు. కానీ అది ఆంపియర్లను మాత్రమే లెక్కపెట్టింది. మరుసటి ఏడాది బుడాపెస్ట్‌లోని గాంజ్ కర్మాగారంలో ఓటో బ్లాతీ వాట్లనే లెక్కపెట్టే మీటరును సాధించాడు.

ఆంపియరు నుంచి వాటుకు వేసిన ఈ అడుగే మీటరు చరిత్రలో అసలు మలుపని నా నమ్మకం. ఏసీలో వోల్టేజీ, కరెంటు రెండూ క్షణక్షణం లేచి పడుతుంటాయి. రెండూ కలిసి నడవకపోతే కరెంటు పారుతూనే ఉంటుంది గానీ అందుకు తగ్గ పని జరగదు. అందుకే మీటరులో ఒక చుట్ట వోల్టేజీకి, ఇంకొకటి కరెంటుకు. రెండూ కలిసి అల్యూమినియం చక్రాన్ని తిప్పుతాయి. దాని వేగం వాట్లకు సరిగ్గా తగినట్టు ఉండేలా శాశ్వత అయస్కాంతం బ్రేకు వేస్తుంది. మొన్నమొన్నటిదాకా మన ఇళ్ల గోడల మీద తిరిగిన చక్రం అదే.

చవక గ్రో లైట్లు ఆ పాత చిక్కునే మళ్లీ తెచ్చాయి. వీటి డ్రైవరు వోల్టేజీ శిఖరాన ఉన్నప్పుడు మాత్రమే కరెంటును ఉన్నట్టుండి గుంజుకుంటుంది. క్లాంప్ మీటరు పెడితే 2.1 ఆంపియర్లు చూపిందనుకుందాం. అమెరికా ఇళ్లలోని 120 వోల్టులతో గుణిస్తే 252 వస్తుంది. అసలు వాడకం 150 వాట్లే కావచ్చు. ఇక్కడ పవర్ ఫ్యాక్టర్, అంటే అసలు వాట్లకూ ఈ గుణింతానికీ ఉన్న నిష్పత్తి, 0.6 దరిదాపుల్లో ఉందన్నమాట. ఇంటి బిల్లు పడేది ఆ 150 వాట్లకే. కాబట్టి ప్లగ్గుకూ లైటుకూ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు కొనడం మేలు. అది వోల్టేజీ, కరెంటు రెండింటినీ సెకనులో అనేకసార్లు కొలిచి, ఎప్పటికప్పుడు గుణించి చూపుతుంది.

అది లేకపోయినా ఇబ్బంది లేదు. ఇంటి ఎలక్ట్రానిక్ మీటరు మీద 3200 ఇంపల్స్ అని ఉంటే, యూనిట్‌కు అన్నిసార్లు దాని ఎర్రదీపం మినుకుతుంది. మిగతావన్నీ ఆపి, గ్రో లైటు ఒక్కటే వెలిగించి చూడండి. పది మినుకులకు 75 సెకన్లు పడితే లైటు 150 వాట్లు తీసుకుంటున్నట్టు. రోజుకు 14 గంటలు వెలిగితే 2.1 యూనిట్లు, నెలకు 63.

అయితే మొక్క తినేది వాట్లను కాదు, కాంతి కణాలను. అందుకే ఒక జౌలు విద్యుత్తుకు లైటు ఎన్ని మైక్రోమోళ్ల కాంతినిస్తుందో కూడా అడగాలి. మంచి ఎల్‌ఈడీలు ఇప్పుడు 2.5 దాటుతున్నాయి. అలాంటిదాని పక్కన 1.25 ఇచ్చే మరో 150 వాట్ల లైటును పెడితే, మీటరు రెండింటికీ అవే 63 యూనిట్లు చూపిస్తుంది. మొదటిదాని కింది కరివేపాకుకు అందే వెలుగు మాత్రం రెట్టింపు.