ఏలికపాములు బెల్లంలో పుట్టవు

అపోహ: తీపి ఎక్కువ తింటే కడుపులో ఏలికపాములు పడతాయి.

తీపితో పళ్లు పుచ్చుతాయి, అది నిజమే. ఏలికపాములు మాత్రం పుట్టవు. ఏలికపాము గుడ్డు నుంచే రావాలి, ఆ గుడ్డు మనిషి మలంతో మట్టిలో కలుస్తుంది. ఒక్క ఆడపాము రోజుకు దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది. అవి వెంటనే ఎవరికీ సోకవు. తేమగా, నీడగా ఉన్న నేలలో రెండు మూడు వారాలు గడిస్తే లోపల పిల్ల తయారవుతుంది. ఆపైన సరిగా కడగని కూరగాయలతోనో, మట్టి అంటిన వేళ్లతోనో ఆ గుడ్డు నోట్లోకి చేరుతుంది. గట్టి పెంకు ఉండటంతో కొన్ని గుడ్లు ఏళ్ల తరబడి మట్టిలో చెక్కుచెదరవు. బెల్లాన్ని తప్పుపట్టడం హాని లేని నమ్మకమని నేను అనుకోను. తీపి మాన్పించాం కదా అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు, మరుగుదొడ్డి సంగతి, సబ్బు సంగతి మరుగున పడిపోతాయి.

అపోహ: అవి కడుపులోనే పిల్లల్ని పెట్టి పెరిగిపోతాయి.

పేగులో పెట్టిన గుడ్లు అక్కడే పిల్లలు కావు, బయటి మట్టిలోకి పోవాల్సిందే. ఎన్ని గుడ్లు మింగామన్నదాన్ని బట్టే కడుపులో ఎన్ని పాములన్నది ఉంటుంది. మింగిన గుడ్డు చిన్నపేగులో చిట్లుతుంది. పిల్ల పేగు గోడను తొలుచుకుని, రక్తంలో కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు వెళ్లి, గొంతుదాకా పాకి, మళ్లీ మింగుడుపడి పేగుకే వస్తుంది. ఈ ప్రయాణంలో కొందరికి దగ్గు వచ్చేది అందుకే. అల్బెండజోల్ మాత్ర పేగులో ఉన్నవాటిని చంపుతుంది, రేపు మింగబోయే గుడ్డును ఆపలేదు. అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆ మాత్రను ఒక్కసారితో సరిపెట్టకుండా మళ్లీ మళ్లీ వేసేది ఇందుకే.

అపోహ: ఏలికపాము, వానపాము, బద్దెపురుగు ఒకే కుటుంబం.

వానపాము ఒళ్లంతా ఖండాలు, అది అనెలిడా వర్గం. బద్దెపురుగు రిబ్బనులా చదునుగా ఉంటుంది, దానికి జీర్ణనాళమే లేదు. ఏలికపాము నెమటోడా వర్గానిది: ఖండాల్లేని గుండ్రటి ఒళ్లు, నోటి నుంచి పాయువు దాకా నాళం, ఒంటి గోడలో నిలువు కండరాలు మాత్రమే. పెరిగే క్రమంలో నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది. 1997లో జన్యువులను పోల్చి చూసిన శాస్త్రవేత్తలు, కుబుసం విడిచే వెన్నెముక లేని జీవులన్నీ ఒకే మూలం నుంచి వచ్చాయని ప్రతిపాదించారు. ఆ లెక్కన ఏలికపాముకు వానపాము కన్నా, తనలాగే కుబుసం విడిచే బొద్దింకే దగ్గరి చుట్టం.

అపోహ: నెమటోడా వర్గంలో అన్నీ రోగాలు తెచ్చేవే.

బోదకాలు, నారికురుపు తెచ్చేవీ ఇందులోవే కాబట్టి భయం సహజం. కానీ మట్టిలో, సముద్రపు అడుగున బాక్టీరియానూ శిలీంధ్రాలనూ తిని, మన జోలికి రానివి లెక్కలేనన్ని. వాటిలో ఒక మిల్లీమీటరు పొడవుండే సి. ఎలిగాన్స్ ఒకటి. ఎదిగిన ద్విలింగ పురుగు ఒంట్లో బీజకణాలు కాక 959 కణాలు, వాటిలో 302 నాడీకణాలు. కణాలు తమంతట తాము చనిపోయేలా చేసే జన్యువులను దీనిలోనే గుర్తించారు. అందుకు సిడ్నీ బ్రెన్నర్, జాన్ సల్స్టన్, రాబర్ట్ హోర్విట్జ్‌లకు 2002లో వైద్య నోబెల్ వచ్చింది. 2024లో వైద్య నోబెల్ తెచ్చిన, జన్యువుల పనిని అదుపు చేసే చిన్న అణువు మైక్రోఆర్‌ఎన్‌ఏ కూడా మొదట ఈ పురుగులోనే దొరికింది.