గేర్‌బాక్స్ దింపే ముందు... పెడల్ ఏమంటోంది?

సాయంత్రం ఆరింటికి లక్డీకాపూల్ నుంచి పంజాగుట్ట మీదుగా అమీర్‌పేట దాకా పాత జిప్సీనో, పాత థార్‌నో నడిపి చూడండి. ఎడమ కాలికి ఉన్నంత పని కుడి కాలికి ఉండదు. నన్నడిగితే వికారాబాద్ బురద కంటే ఈ ట్రాఫిక్కే క్లచ్‌ను ఎక్కువ తినేస్తుంది.

ఉద్యోగం రాగానే సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ కొంటున్న కుర్రాళ్లు చాలామందే ఉన్నారు. పెడల్ కాస్త తేడా చేస్తే చాలు, ‘ప్లేట్ పోయింది, గేర్‌బాక్స్ దింపాలి’ అనే మాట వినాల్సి వస్తుంది. నిజమే కావచ్చు. కానీ ఈ బండ్లలో గేర్‌బాక్స్ దింపాలంటే ప్రొపెల్లర్ షాఫ్టులు, కొన్నింటిలో ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా ఊడదీయాలి. లేబర్ ఖర్చే తడిసి మోపెడవుతుంది. తీరా చూస్తే తప్పు పెడల్ దగ్గరి చిన్న రబ్బరు సీల్‌ది అయితే?

ముందు మీ బండిది కేబుల్ క్లచ్చా, హైడ్రాలిక్కా తెలుసుకోండి. 1985లో వచ్చిన మారుతీ జిప్సీలో ఉండేది కేబుల్. పెడల్ రోజురోజుకూ బరువెక్కుతోందంటే కేబుల్ లోపల ఎండిపోయో, తీగలు తెగుతూనో ఉండొచ్చు. ఫ్రీ ప్లే, అంటే నొక్కగానే మొదట వచ్చే ఖాళీ కదలిక, ఎంతుందో కొలిచి మాన్యువల్‌తో పోల్చండి. అసలు లేకపోతే క్లచ్ జారుతుంది, మరీ ఎక్కువైతే పూర్తిగా విడిపోదు. చాలాసార్లు ఒక నట్టు సర్దితే పని అయిపోతుంది.

హైడ్రాలిక్‌ది వేరే కథ. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు గబగబా తొక్కితే గట్టిపడుతోందా? లైన్‌లో గాలి చేరి ఉంటుంది. గాలి ఎటు నుంచి వచ్చిందో చూడకుండా బ్లీడింగ్ చేయిస్తే మళ్లీ అదే గోల. సిగ్నల్ దగ్గర తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్ సీల్‌ను అనుమానించండి. పెడల్ కింద కార్పెట్ తడిగా ఉన్నా దాని పనే. గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ రబ్బరు బూటు తడిగా ఉంటే లీకు అక్కడ. ఫ్లూయిడ్ మూత మీద డాట్ 3, డాట్ 4లలో ఏది రాసి ఉంటే అదే పోయండి. ఇంజిన్ ఆయిల్ పోస్తే సీళ్లు ఉబ్బి పాడవుతాయి.

ఇక ప్లేట్ సంగతి. ఖాళీ స్థలంలో, బండి టూ వీల్ డ్రైవ్‌లో ఉంచి ఎక్కువ గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కండి. ఇంజిన్ మోత పెరిగినా వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. లో రేంజ్‌లో ఈ పరీక్ష పనికిరాదు, అక్కడ జారడం బయటపడదు. న్యూట్రల్‌లో పెడల్ పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పుడూ గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడిపోవట్లేదు. తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే రిలీజ్ బేరింగ్. వదిలినప్పుడు మోత వచ్చి తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్.

మైత్రీవనం దగ్గర టెస్టింగ్ కోర్సు చేసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. కోడ్ మొత్తం తిరగరాయకుండా బగ్ ఎక్కడుందో పట్టుకోవడమే కదా! సర్వీస్ అడ్వైజర్ ఉద్యోగానికి వెళ్తే ‘పెడల్ కిందే ఉండిపోతోంది, మొదట ఏం చూస్తారు?’ అని అడిగే అవకాశం ఉంది. పైన చెప్పిన వరుసలో జవాబివ్వగలిగితే బీటెక్ మార్కుల కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది. పది పాసైనవాళ్లకు ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ ఉంది. అందులో ఇది చేత్తో చేసి నేర్చుకునే పని.

చివరికి గేర్‌బాక్స్ దింపక తప్పలేదా? పాత ప్లేట్ చేతికిమ్మని అడగండి. రివెట్ల దాకా అరిగిందా, నూనె అంటిందా చూడండి. నూనె ఉంటే ఇంజిన్ వెనక సీలో, గేర్‌బాక్స్ ముందు సీలో కారుతున్నట్టు. అది మార్చకుండా కొత్త ప్లేట్ వేయనివ్వకండి.