ఈగలు ఇరవై లక్షలు, మనుషులు ముప్పయిమంది

దక్షిణ ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరం నుండి ఉత్తరంగా సుమారు 590 కిలోమీటర్లు పోతే గ్లెండాంబో అనే ఊరు వస్తుంది. ఊరు అనడం మర్యాద కోసం. ఒక పెట్రోలు బంకు, భోజనమూ బసా దొరికే ఒక హోటలు, మరికొన్ని కప్పులు. దారి ప్రక్కన నిలబెట్టిన బోర్డు మీద జనాభా వివరాలు వ్రాసి ఉన్నాయి: గొర్రెలు 22,500, ఈగలు సుమారు 20,00,000, మనుషులు 30. చదివి నవ్వుకుని కారు దిగాను. ఈగల లెక్కలో అతిశయోక్తి ఏమీ లేదని అర నిమిషంలోనే తెలిసింది.

ఈ ఈగలు కుట్టవు. వాటికి కావలసినది మన కంటి తడి, ముక్కు చెమ్మ, చెమట. ఎండిపోయిన ఆ నేలలో తేమ కలిగిన వస్తువు మనిషి ముఖమే కాబట్టి అవి న్యాయంగానే ముఖం మీద వాలుతాయి. వాటిని తోలుకుంటూ అక్కడివారు అస్తమానం ముఖం ముందు చేయి ఆడిస్తారు. దీనికి ‘ఆస్ట్రేలియన్ సెల్యూట్’ అని పేరు. మొదటి రోజు సాయంత్రానికి నేను ఎంతమందికి సెల్యూట్ చేశానో, మన సైన్యంలో ముప్పయి ఏళ్లు పనిచేసిన సుబేదారు కూడా అన్ని చేసి ఉండడు. రెండవ రోజున టోపీకి వ్రేలాడే వల ఒకటి కొనుక్కున్నాను. అందులోంచి చూస్తే లోకమంతా జల్లెడలో పోసినట్లుంటుంది. అయినా నోరు తెరచి మాట్లాడవచ్చు.

ఆస్ట్రేలియా వైశాల్యం మన దేశానికి రెండింతలకు పైమాటే. జనం మూడు కోట్లు కూడా లేరు. వారిలోనూ అత్యధికులు సముద్రతీరాన్ని అంటిపెట్టుకుని ఉంటారు. నడుమ మిగిలిన ఎర్రటి విశాల భూమికి ‘అవుట్‌బ్యాక్’ అని పేరు. ఆ దారిన ఒంటరిగా కారులో పోయి, తరువాత తీరం చూసి రావాలని నా సంకల్పం. మనుషులే లేని చోటికి వెడుతున్నాను కదా, మూడు వారాలపాటు నన్ను పలకరించేవాడు ఉండడని, కావలసినంత ఏకాంతం దొరుకుతుందని ఆశపడ్డాను. అవుట్‌బ్యాక్‌లో దొరకని వస్తువులు రెండు: నీరు, ఏకాంతం.

గ్లెండాంబో హోటలులో వంట చేసే ఆవిడ నేను అడగకముందే, “ఒక్కరేనా? ఈ రాత్రికి ఎక్కడికి?” అని ప్రశ్నించింది. కూబర్ పీడీకి అన్నాను. నడుమ దాదాపు 250 కిలోమీటర్లలో పెట్రోలు దొరకదని, ఎన్ని లీటర్ల నీళ్లున్నాయని ఆరా తీసింది. నా కారు నంబరు ఒక కాగితం మీద వ్రాసుకుంది. ఇంత విచారణ జరిపిన తరువాతనే ఏం తింటారని అడిగింది. శాకాహారం అన్నాను. ఆవిడ ముఖంలో అంతవరకు లేని ఆందోళన అప్పుడు కనబడింది. నీళ్లు లేకపోయినా కొంతదూరం పోవచ్చుగాని, మాంసం తినకుండా ఎట్లా పోతాడని కాబోలు! చివరకు వేయించిన బంగాళాదుంప ముక్కలూ, రొట్టె మీద ‘వెజిమైట్’ రాసీ పెట్టింది. సారా కాచగా మిగిలిన ఈస్టుతో కాదుగాని, బీరు తయారీలో మిగిలిన ఈస్టుతో చేసే ఈ పదార్థం 1923 నుండి ఆ దేశీయుల ప్రాణం. చూపునకు చింతపండు గుజ్జు. రుచికి ఉప్పు మూట.

నాకంటే ముందు ఈ చిక్కులో పడిన భారతీయుడు ఒకడున్నాడు. 1860లో మెల్‌బోర్న్ నుండి ఉత్తర తీరానికి బయలుదేరిన బర్క్, విల్స్ దండయాత్ర కోసం మన దేశం నుండి ఒంటెలను, వాటిని తోలే మనుషులను ఓడలో తెప్పించారు. వారిలో సామ్లా అనే హిందువు పెట్టిన మాంసం తినలేక, కొద్ది రోజులకే సెలవు పుచ్చుకుని వెనుదిరిగాడు. పాపం, అర్ధాకలితో పోయాడని తక్కినవారు జాలిపడి ఉంటారు. బల్లలు, కుర్చీలు, టన్నుల కొద్దీ ఆహారం మోసుకుపోయిన ఆ యాత్రలో నాయకులిద్దరూ 1861లో కూపర్ క్రీక్ ఒడ్డున కృశించి మరణించారు. అక్కడ తరతరాలుగా జీవిస్తున్న యాండ్రువాంధా జాతివారు చేపలు ఇచ్చారు, నార్డూ అనే మొక్క గింజల పిండి ఇచ్చారు. బర్క్ ఒక సందర్భంలో తుపాకీ పేల్చి వారిని బెదరగొట్టాడు. ఆ గింజలను వండే తీరు తెలియక తింటే కడుపు నిండుతుందిగాని ఒంటికి పట్టదు. చివరకు మిగిలిన కింగ్ అనే యువకుడు వారినే ఆశ్రయించాడు. వారు అతనిని నెలల తరబడి పోషించారు. ఆ ముగ్గురిలో బ్రతికి మెల్‌బోర్న్ చేరినవాడు అతడే.

ఈ కథ తెలిసి ఉండడం చేత, కూబర్ పీడీకి ఇంకా వంద కిలోమీటర్లుండగా నా కారు టైరు పేలినప్పుడు నవ్వు రాలేదు. నలుదిక్కులా చెట్టు లేదు, నీడ లేదు. ‘బండి చెడితే బండిని విడిచి నడవవద్దు’ అన్నది ఆ దేశంలో పిల్లలకు కూడా తెలిసిన సూత్రం. బండి దూరానికి కనబడుతుంది, మనిషి కనబడడు. జాకీ తీసి పని మొదలుపెట్టాను.

అయిదు నిమిషాలకు ఒక ‘రోడ్ ట్రెయిన్’ ఆగింది. మూడు నాలుగు పెట్టెలు తగిలించుకుని, యాభై మీటర్లకు పైగా పొడవుండే లారీ అది. మన బస్సులు నాలుగింటిని వరుసగా నిలిపినంత. దానిని ఆపడమే పెద్ద శ్రమ. డ్రైవరు దిగి వచ్చి నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. “నీళ్లున్నాయా?” అన్నాడు. ఉన్నాయన్నాను. “టైరు మార్చడం వచ్చునా?” వచ్చునన్నాను. నమ్మకం కుదిరేదాకా నిలబడి చూసి పోయాడు. తరువాత ఒక ముసలి దంపతుల కారు, ఆ తరువాత గొర్రెల కాపరి జీపు. అందరిదీ మొదటి ప్రశ్న నీళ్లే. ముసలావిడ ఒక ఫ్లాస్కు నిండా టీ ఇచ్చి, త్రాగేవరకు కదలనన్నది. టైరు మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది. నేను మార్చగలనని ఒప్పించడానికి నలభై నిమిషాలు.

కూబర్ పీడీ చేరేసరికి చీకటిపడింది. హోటలువాడు నన్ను చూడగానే, “టైరు మీదేనా?” అన్నాడు. లారీ నాకంటే ముందే వచ్చి వార్త చెప్పిందన్నమాట.

1915లో పద్నాలుగేళ్ల బాలుడికి ఒక ఓపల్ రాయి దొరికిన పుణ్యాన పుట్టిన పట్టణమిది. ఎండ భరించలేక జనంలో చాలామంది కొండలు తొలిచి నేలలోపల ఇళ్లు కట్టుకున్నారు. బయట నలభై డిగ్రీలు కాలుతుంటే లోపల హాయిగా ఇరవై అయిదు లోపు. గడ్డిపోచ మొలవని గోల్ఫ్ మైదానం ఒకటి ఉన్నది. ఆటగాళ్లు చిన్న పచ్చికముక్కను వెంట తీసుకుపోయి దానిమీద బంతి పెట్టి కొడతారు. ఊరి చుట్టూ వేలకొలది గనుల గోతులున్నందున, ‘వెనుకకు నడవవద్దు’ అని హెచ్చరించే బోర్డులున్నాయి. ఫోటో తీసుకునేవారు రెండడుగులు వెనుకకు వేయడం సహజం కదా! బోర్డు మీద గోతిలో తలక్రిందులుగా పడుతున్న మనిషి బొమ్మ చాలా స్పష్టంగా వేశారు.

ఉలూరు శిల గురించి చాలామంది వ్రాశారు కాబట్టి ఒక్క మాటతో సరిపెడతాను. 348 మీటర్ల ఆ ఎర్రని కొండ అనంగు ప్రజలకు పవిత్రం. 2019 అక్టోబరు నుండి ఎక్కడం నిషిద్ధం. చుట్టూ పది కిలోమీటర్ల ప్రదక్షిణ చేయవచ్చు. తిరుపతి చూసినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు.

అక్కడి నుండి విమానంలో ఈశాన్య తీరంలోని కెయిర్న్స్ చేరాను. వారం రోజులు నీటి చుక్క కోసం కలవరించినవాడికి ఎదుట సముద్రం! కాని ఒడ్డున మళ్లీ బోర్డులే. ఇక్కడ మొసళ్లు తిరుగును, దిగవద్దు. నవంబరు నుండి వేసవి అంతా పెట్టె ఆకారపు విషపు జెల్లీచేపలు వచ్చును, జాగ్రత్త. ప్రక్కనే స్తంభానికి ఒక వినిగర్ సీసా. కుట్టిన చోట పోసుకోవడానికట. సముద్రాన్ని ఊరగాయ సరంజామాతో సహా అమర్చిన తీరం మరెక్కడా చూడలేదు. అందుచేత ఊరివారు సముద్రం ఒడ్డునే పెద్ద ఉప్పునీటి కొలను కట్టుకుని అందులో ఈదుతారు.

గ్రేట్ బారియర్ రీఫ్ చూడడానికి పడవ ఎక్కాలి. 2,300 కిలోమీటర్ల పొడవున సాగిన పగడపు దిబ్బల వరుస అది. పడవ ఎక్కేటప్పుడు పలక వంటి అట్ట పట్టుకున్న అమ్మాయి మా తలలు లెక్కపెట్టింది. మరొకరు వచ్చి మళ్లీ లెక్కపెట్టారు. ఇంత పట్టుదల ఎందుకంటే, 1998 జనవరిలో ఈ తీరాన ఒక పడవ, నీటిలో దిగిన అమెరికన్ దంపతులను మరచిపోయి తిరిగి వచ్చింది. పడవలో మిగిలిన వారి సామాను చూసి రెండు రోజుల తరువాత సంగతి గ్రహించారు. వారి దేహాలు దొరకలేదు. తరువాత క్వీన్స్‌ల్యాండ్‌లో నియమాలు కఠినమయ్యాయి.

“మీతో ఎవరున్నారు?” అని అమ్మాయి అడిగింది. ఎవరూ లేరన్నాను. “అయితే మిమ్మల్ని నేనే గుర్తుపెట్టుకోవాలి,” అంటూ నా పేరు ప్రక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టింది.

ఒళ్లంతా కప్పే నల్లని తొడుగు వేసుకుని నీటిలో మొహం ముంచాను. చిలుకపచ్చ చేపలు, పసుపు చారల చేపలు, గోడ కట్టినట్లు పగడాలు. గంటసేపు నన్ను నేనే మరచిపోయాను. ఈల వినబడి పడవ చేరుకుంటే, మళ్లీ లెక్క. ఒక తల తక్కువ వచ్చింది. అందరూ నావైపు చూశారు. ఒంటరివాడు నేనే కదా! నేను ఉన్నానని చేయెత్తి చూపించాను. రెండవసారి లెక్క; మళ్లీ ఒకటి తక్కువే. నవ్వులు ఆగిపోయాయి. పడవ యజమాని ఇంజను దగ్గర నుండి లేచి దుర్భిణి తీసుకున్నాడు. అమ్మాయి ముఖం పాలిపోయింది.

అప్పుడు మరుగుదొడ్డి తలుపు తెరచుకుని ఒక స్థూలకాయుడు తీరికగా బయటకు వచ్చాడు. అతని భార్య ఇంగ్లీషులో ఏమన్నదో నాకు పూర్తిగా అర్థం కాలేదుగాని, ఆ స్వరం మా ఊళ్లో విన్నదే. అమ్మాయి మూడవసారి, ఒక్కొక్కరి భుజం తాకుతూ మొదటినుండి లెక్కపెట్టింది. నా దగ్గరకు వచ్చినప్పుడు ‘నలభై ఒకటి’ అని పైకి అన్నది. చివరి అంకె సరిపోయాక మా అందరిచేత సంతకాలు చేయించింది. ఇంజను మ్రోగింది.