బెల్లు మోగని చోట

నిడమనూరులో పదో తరగతి, హాలియాలోనో మిర్యాలగూడలోనో ఇంటర్, ఆ తర్వాత నల్లగొండో, హైదరాబాదో, వరంగలో. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింది ఊళ్ల పిల్లల చదువు ఎక్కువగా ఈ దారినే నడుస్తుంది. సీటు వచ్చేదాకా ఇంటిల్లిపాదికీ దోస్త్ (డిగ్రీ ప్రవేశాల) ఆప్షన్లు, ఎంట్రెన్స్ ర్యాంకులు, కౌన్సెలింగ్ తేదీలు తప్ప వేరే ముచ్చట ఉండదు. ఫీజు కట్టి, హాస్టల్ గదిలో సామాను దించి, నాన్న తిరుగు బస్సెక్కాక ఆ హడావుడంతా చల్లారుతుంది. సీటు తెచ్చుకోవడం ఎట్లాగో చెప్పేవాళ్లు ఊరినిండా ఉంటారు. వచ్చాక ఎట్లా నిలబడాలో చెప్పేవాళ్లు అరుదు. క్లాసులు, ఎన్ఎస్ఎస్, కాలేజీ పండుగలు, పాట, నాటకం అన్నీ ఒకే వారంలో ఎట్లా పడతాయి?

పడతాయి. కాకపోతే ముందు లెక్క తెలియాలి. వర్సిటీ వేటిని లెక్కిస్తుందో వాటికి తగిన సమయం మొదట తీసి పక్కన పెట్టాలి. మిగిలిన సమయాన్ని పది పనులకు చిల్లరగా పంచకుండా ఒక్క కళకు ఇచ్చి ఏళ్లపాటు వదలకుండా పట్టుకోవాలి. మిగతా వ్యాసమంతా ఈ మాటకు వివరణే.

ఇన్నాళ్లూ సమయం ఎవరి చేతిలో ఉంది?

1971లో ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని సర్వేల్‌లో తొలి గురుకుల పాఠశాల మొదలైంది. అప్పటి నుంచి మన ప్రాంతంలో వేలాది మంది పిల్లలు గురుకులాల్లో, హాస్టళ్లలో చదువుకున్నారు. పొద్దున లేపడానికి బెల్లు, పీటీకి బెల్లు, టిఫిన్‌కు బెల్లు, రాత్రి స్టడీ అవర్‌కు బెల్లు. ప్రైవేటు ఇంటర్ కాలేజీల్లో అయితే ఇంకా బిగువు. కునుకు తీస్తే తట్టి లేపడానికి కూడా ఒక వార్డెన్ ఉంటాడు. ఇంట్లో ఉండి చదివినవాళ్లకు అమ్మ కేకే బెల్లు.

వర్సిటీలో సాయంత్రం క్లాసులయ్యాక ఏం చేశావని అడిగేవాళ్లుండరు. ఇన్నాళ్లూ ఒకరు నడిపితే నడిచిన కాలం ఉన్నట్టుండి చేతిలో పడేసరికి కొత్త విద్యార్థులు సాధారణంగా రెండు రకాలుగా తడబడతారు. కొందరు గదికీ ఫోనుకీ అంకితమైపోతారు. ఇంకొందరు ఫ్రెషర్స్ డే ఊపులో డ్యాన్స్ టీం, క్విజ్ క్లబ్, ఎన్‌సీసీ, షార్ట్ ఫిలిం బృందం అన్నిట్లోనూ పేరు రాయిస్తారు. "రా తమ్మీ, మన టీంల చేరు" అని పిలిచిన ప్రతి సీనియర్‌కూ సరే అంటారు. రెండు రకాల వాళ్లూ మొదటి ఇంటర్నల్స్ దగ్గర ఉలిక్కిపడతారు.

మొదటి సెమిస్టర్‌తో ఇంకో చిక్కుంది. అడ్మిషన్లు విడతలు విడతలుగా సాగడంతో ఫస్టియర్ క్లాసులు తరచూ ఆలస్యంగా మొదలవుతాయి. సిలబస్ మాత్రం తగ్గదు. అలవాటు పడడానికి ఎక్కువ సమయం కావాల్సిన సెమిస్టర్‌లోనే తక్కువ సమయం దొరుకుతుంది.

క్రెడిట్ అంటే ఎన్ని గంటలు?

మార్కుల మెమోలో ప్రతి పేపర్ పక్కన 4, 3, 2 అని క్రెడిట్లు కనిపిస్తాయి. చాలామంది వాటిని ఫలితాలు వచ్చినప్పుడు సీజీపీఏ లెక్క కట్టడానికే చూస్తారు. నిజానికి అవి సెమిస్టర్ మొదట్లోనే చూడాల్సిన అంకెలు. యూజీసీ పద్ధతిలో వారానికి ఒక గంట థియరీ క్లాసు సెమిస్టర్ పొడవునా జరిగితే ఒక క్రెడిట్. ప్రాక్టికల్ అయితే రెండు గంటలకు ఒక క్రెడిట్. మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్లదానికి 160 క్రెడిట్లన్నది యూజీసీ 2022లో ఇచ్చిన చట్రం. ఆ లెక్కన సెమిస్టర్‌కు 20.

క్లాసులో కూర్చున్న సమయమే మొత్తం చదువు కాదు. 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం ప్రకారం ఒక క్రెడిట్ అంటే క్లాసు, ల్యాబు, సొంత చదువు, అసైన్‌మెంట్ అన్నీ కలిపి 30 గంటల పని. ఐరోపా విశ్వవిద్యాలయాల్లోనూ ఒక క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలు కడతారు.

ఇప్పుడు కాగితం తీసి లెక్క వేద్దాం. 20 క్రెడిట్లకు 600 గంటలు. 15 వారాల సెమిస్టర్‌లో వారానికి 40. వారానికి ఉన్నవి 168 గంటలు. రోజుకు ఎనిమిది చొప్పున నిద్రకు 56 తీస్తే 112 మిగులుతాయి. చదువుకు 40 తీస్తే 72. స్నానం, తిండి, బట్టలుతకడం, మెస్ దగ్గర లైను, ఇంటికి ఫోను వంటి వాటికి రోజుకు నాలుగు గంటల చొప్పున 28 పోయినా ఇంకా 44 గంటలున్నాయి. రోజూ బస్సులో వెళ్లొచ్చేవాళ్లకు ప్రయాణం పన్నెండు గంటలు మింగినా 32 మిగులుతాయి.

అంటే సమయం లేదన్నది నిజం కాదు. ఉన్నది తెలియకుండానే జారిపోతోంది. కాల్వ కింద సేద్యం చేసే ఇంటి పిల్లలకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. తూము దగ్గరి వాళ్లు అడ్డూ అదుపూ లేకుండా వాడుకుంటే చివరి ఆయకట్టుకు నీళ్లందవు. వంతుల వారీగా వదిలితే అదే నీటితో చివరి మడీ తడుస్తుంది. వారం మొదట్లో వంతు కట్టకపోతే ఎండిపోయేది ఎప్పుడూ ఒకే మడి. అది కళ కావచ్చు, సొంతంగా చదవాల్సిన చదువు కావచ్చు.

హాజరు: 75 శాతం వెనక ఉన్న రోజులు

చాలా విశ్వవిద్యాలయాల్లో పరీక్ష రాయడానికి 75 శాతం హాజరు తప్పనిసరి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా దీనితోనే ముడిపడి ఉంది. 65 నుంచి 75 మధ్య ఉంటే ఆరోగ్య కారణాలు చూపి, రుసుము కట్టి కండోనేషన్ అడగవచ్చు. అంతకన్నా తగ్గితే డిటెయిన్, అంటే పరీక్ష రాయనివ్వరు.

సెమిస్టర్‌కు 90 పనిదినాలనుకుంటే 75 శాతమంటే 68 రోజులు. చేతిలో ఉండే సెలవులు 22. వినడానికి ఎక్కువే అనిపిస్తుంది కానీ జ్వరానికి ఐదు, దగ్గరివాళ్ల పెళ్లికి మూడు, పొలం పనికి నాలుగు పోతే మిగిలేవి పదే. యువజనోత్సవాల రిహార్సల్స్, పోటీ ప్రయాణాలు ఆ పదిలోనే సర్దుకోవాలి. కాలేజీ తరఫున వెళ్తే ఓడీ (ఆన్ డ్యూటీ) ఇస్తారు. అది అడగకుండా రాదు. ప్రయాణానికి ముందే లెటర్ మీద హెచ్‌ఓడీ సంతకం పెట్టించుకుని, నకలు దగ్గర ఉంచుకోవాలి.

ఇంకో మెలిక కూడా ఉంది. కొన్నిచోట్ల హాజరును రోజులతో కాకుండా ఒక్కో పేపర్ పీరియడ్లతో లెక్కిస్తారు. ఊరి మీద బెంగతో ప్రతి శనివారం పొద్దున్నే మిర్యాలగూడ రైలెక్కి, సోమవారం మధ్యాహ్నానికి తిరిగి చేరే పిల్లలను చూడండి. వాళ్లు పోగొట్టుకునేవి ఎప్పుడూ అవే క్లాసులు. మొత్తం హాజరు అంచున గట్టెక్కినట్టే కనిపిస్తుంది. శనివారం పొద్దున ఉండే పేపర్ మాత్రం చివరికి బ్యాక్‌లాగ్‌గా మిగులుతుంది.

మన ప్రాంతానికి ఈ క్యాలెండర్‌లో ఇంకో తాకిడి ఉంది. సాగర్ ఆయకట్టులో వానాకాలం వరి కోతలు, సెమిస్టర్ చివరి రోజులు తరచూ ఒకేసారి మీద పడతాయి. యాసంగి కోతలు వచ్చేసరికి రెండో సెమిస్టర్ సగం దాటుతుంది. కల్లం దగ్గర మనిషి తక్కువైనప్పుడు రానని చెప్పడం కష్టం. అందుకే పరీక్షల తేదీలు తెలిసిన రోజే ఇంట్లో చెప్పి పెట్టాలి. "నాయినా, ఆ రెండు వారాలు నేను రాలేను, అంతకుముందు ఆదివారాలు వస్త" అని ముందే అంటే ఇంట్లో వాళ్లు మనిషిని చూసుకుంటారు. కోత మిషన్ పొలంలో దిగాక చెబితే గొడవే.

కార్యక్రమాల్లో ఏది ఎంత అడుగుతుంది?

సిలబస్ బయటి పనులన్నీ ఒకే బరువు కావు. జాతీయ సేవా పథకం, అంటే ఎన్ఎస్ఎస్, గాంధీజీ శతజయంతి ఏడాది 1969లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని నియమం. ఏడాదికి 120 గంటలంటే పనిచేసే వారాల మీద పంచితే వారానికి నాలుగు. ముందే తెలిసిన బరువు కాబట్టి దీనిని ప్రణాళికలో పెట్టుకోవచ్చు. ఎన్‌సీసీలో పరేడ్లు, క్యాంపులు ఇంతకన్నా ఎక్కువ సమయం అడుగుతాయి. సాంస్కృతికోత్సవాల తీరు వేరు. నెలలపాటు ఏమీ అడగవు, చివరి పది రోజుల్లో మొత్తం అడుగుతాయి. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం నడిపే యువజనోత్సవాల్లో సంగీతం, నృత్యం, సాహిత్యం, నాటకం, లలిత కళలు అనే ఐదు విభాగాలుంటాయి. కాలేజీలో నెగ్గితే వర్సిటీ, అక్కడ నెగ్గితే జోనల్, ఆపైన జాతీయ స్థాయి. ప్రతి మెట్టూ ఇంకొన్ని రోజులు తీసుకుంటుంది.

మొదటి ఏడాదికి ఒక సూత్రం పనికొస్తుంది. క్రమంగా సాగేది ఒకటి, అప్పుడప్పుడూ వచ్చేది ఒకటి పెట్టుకోండి. మూడోదానికి "వచ్చే ఏడాది చూద్దామన్నా" అనండి. ఎవరూ ఏమీ అనుకోరు.

కళను పట్టుకునే తీరు

హైదరాబాద్ రాంకోఠిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, ఆ తర్వాత డిప్లొమా రెండేళ్లు. ఇంజనీరింగ్‌కూ నాలుగేళ్లే. నగరంలో చదివే విద్యార్థి రెండిటినీ కలిపి నడపాలంటే రోజుకు గంటల కొద్దీ సాధన అక్కర్లేదు, రోజు తప్పకపోతే చాలు. గాత్రం నేర్చుకునేవాళ్లు మొదటి నెలలు మాయామాళవగౌళ రాగంలో సరళి వరుసలు, జంట వరుసలు, అలంకారాలు మూడు కాలాల్లో పాడుతూ గడుపుతారు. వేదిక మీద పాడడానికి పనికొచ్చేది అందులో ఒక్కటీ కనిపించదు. చాలామంది ఓపిక పరీక్షకు నిలిచేది అక్కడే. నలుగురుండే గదిలో పొద్దున్నే షడ్జమం పట్టుకుంటే రూమ్మేట్లు దిండు విసురుతారు. కాబట్టి హాస్టల్ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన అరగంట. పరీక్షల నెలలో పావుగంట. పూర్తిగా మానొద్దు, ఎందుకంటే వదిలేసిన శ్రుతి తిరిగి కుదరడానికి చాలా రోజులు పడుతుంది.

కొత్తగా నేర్చుకునేదే కళ అనుకోనక్కర్లేదు. కోలాటం అడుగులు, డప్పు దరువు, బతుకమ్మ పాటలు ఊళ్లో చూసి, చేసి వచ్చిన పిల్లల దగ్గర క్యాంపస్‌కు కావాల్సిన సరుకు ఇప్పటికే ఉంది. దసరా ముందు అమ్మాయిల హాస్టల్లో బతుకమ్మ పెట్టినప్పుడు వలయం తిరిగేవాళ్లు వందమంది ఉంటారు. పాట ఎత్తుకుని, చరణం మరిచిపోకుండా చివరిదాకా నడిపేవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఇంగ్లిష్‌లో మాట్లాడడానికి జంకి క్లాసులో వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి ఆ రోజు వందమందికి ముందుండి పాడుతుంది. మరునాడు క్లాసులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు పదిమంది పెరుగుతారు. కొత్తచోట కుదురుకోవడానికి అదీ ఒక దారే.

చదువూ కళా కలిసిన ముగ్గురు

"పాటలెంబడి పడితె సదువు ఆగమైతది బిడ్డా" అనే మాట ఫోనులో చాలామంది వింటారు. ఆ భయానికి కారణముంది. బ్యాక్‌లాగ్ పడితే ఇంటి మీద పడే భారం తల్లిదండ్రులకు తెలుసు. అయితే చదువూ కళా ఎప్పుడూ పోట్లాడుకుంటాయన్నది మాత్రం నిజం కాదు. తెలుగు నేలమీద పేరున్న ముగ్గురిని చూస్తే అవి మూడు రకాలుగా కలిసి సాగాయని తెలుస్తుంది.

హనుమాజీపేట నుంచి వచ్చిన కవి సి. నారాయణరెడ్డి చిన్ననాట ఊళ్లో హరికథలు, జానపదాలు విన్నారు, ఉర్దూ మాధ్యమంలో చదివారు, ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేశారు. ఆధునికాంధ్ర కవిత్వం మీద పరిశోధన చేసి అక్కడే పాఠాలు చెప్పారు. 1962లో గులేబకావళి కథతో సినిమా పాటల రచయిత అయ్యారు. 1988కి జ్ఞానపీఠం అందుకున్నారు. ఆయన దగ్గర చదివే సబ్జెక్టూ రాసే కవిత్వమూ ఒకదానికొకటి తిండి పెట్టాయి. సాహిత్యం, జర్నలిజం, ఫైన్ ఆర్ట్స్ చదివేవాళ్లకు ఈ దారి సులువు.

సినీ దర్శకుడు శ్యామ్ బెనగల్ ఉస్మానియాలో ఎం.ఏ. చదివింది అర్థశాస్త్రం. విద్యార్థిగా ఉండగానే హైదరాబాద్ ఫిలిం సొసైటీ పెట్టారు. సినిమాలు తెప్పించి పదిమందితో కలిసి చూడడం, మాట్లాడుకోవడం అందులో పని. కథాచిత్రంగా 'అంకుర్' తీసి విడుదల చేసేసరికి 1974 వచ్చింది. కామర్స్, ఇంజనీరింగ్ విద్యార్థులకు ఈయన దగ్గరివాడు. సబ్జెక్టుకు సంబంధం లేని కళను పక్కన పెట్టుకుని, తొందరపడకుండా, ఏళ్లపాటు చూసి నేర్చుకునే దారి ఇది.

మూడోది ఒకరు వెన్ను తట్టడం వల్ల వచ్చింది. విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ తెలుగు అధ్యాపకులుగా ఉన్నప్పుడు ఎన్.టి. రామారావుకు నాటకంలో నాగమ్మ వేషం ఇచ్చారు. మీసం తీయనని పట్టుబట్టి రామారావు మీసంతోనే ఆ వేషం కట్టడంతో 'మీసాల నాగమ్మ' అన్న పేరు నిలిచిపోయింది. ఆ తర్వాత గుంటూరులో బి.ఏ. పూర్తి చేశారు, సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగమూ వచ్చింది. మన ప్రతి కాలేజీలోనూ పిల్లలను వేదిక ఎక్కించే లెక్చరర్ ఒకరుంటారు. మొదటి నెలలోనే ఆ సారునో మేడాన్నో వెతుక్కుని పరిచయం చేసుకోవడం ఏ క్లబ్బులో చేరడం కన్నా లాభం.

మొదటి మెమో వచ్చాక

మొదటి సెమిస్టర్ ఫలితం వచ్చిన రోజు మెమో ముందు పెట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకోవచ్చు. ఎక్కువ క్రెడిట్ల పేపర్లో గ్రేడు తగ్గిందా? తగ్గింది ఇంటర్నల్స్‌లోనా, సెమిస్టర్ పరీక్షలోనా? ఆ పేపర్ హాజరు ఎంత? ఇంటర్నల్స్‌లో తగ్గితే సెమిస్టర్ మధ్యలో సమయం జారిందని అర్థం. చివరి పరీక్షలో తగ్గితే సొంత చదువు చాలలేదని అర్థం. హాజరు తక్కువైతే తీర్చాల్సింది ప్రయాణాల లెక్క. ఈ మూడిటిలో ఏదో తేలకుండానే "డ్యాన్స్ మానేస్తే సరి" అని తీర్మానిస్తే డ్యాన్స్ పోతుంది, బ్యాక్‌లాగ్ అట్లాగే ఉంటుంది.

తగ్గించాల్సి వస్తే అప్పుడప్పుడూ వచ్చే పనిని ఒక సెమిస్టర్ పక్కన పెట్టండి. రోజూ చేసే అరగంట కళను మాత్రం కదపకండి. పోటీలు, ఫెస్టులు వచ్చే ఏడాదీ ఉంటాయి. ఆ అరగంట అలవాటు ఒకసారి తెగిందంటే డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగంలో చేరాక తిరిగి మొదలుపెట్టేవాళ్లు చాలా తక్కువ.