చెమట పట్టని ఎండాకాలం

"నీకు చెమటే పట్టదొదినా, అదృష్టవంతురాలివి" అంటుంది మా ఆడపడుచు, కొంగుతో మెడ తుడుచుకుంటూ. నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్. బెజవాడ మే నెలలో నుదురు పొడిగా ఉందంటే నాకు దడ.

ఈ జబ్బులో మన రోగనిరోధక శక్తే మన మీద తిరగబడి, మెదడులో, వెన్నుపాములో నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరను తినేస్తుంది. పొర పోయిన నరం కూడా ఎలాగోలా సంకేతాలను నెట్టుకొస్తుంది, ఒళ్లు వేడెక్కనంత వరకే. కొందరికి అర డిగ్రీ సెల్సియస్ పెరిగినా చాలు, అవి దారిలోనే ఆగిపోతాయి. మధ్యాహ్నం పూట పప్పుకు తాలింపు పెట్టాల్సి వస్తే, అది అయ్యేలోగా నాకు కళ్లు మసకబారతాయి. ఆవాలు చిటపటలాడటం వినిపిస్తుంది, కనబడవు. శ్రమపడితే చూపు తగ్గడం, కాసేపు ఆగితే తిరిగి రావడం గురించి జర్మన్ కంటివైద్యుడు విల్హెల్మ్ ఊట్‌హాఫ్ 1890లోనే రాశాడు. ఎమ్మారై లేని రోజుల్లో రోగిని వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి ఈ జబ్బును పరీక్షించేవారట. ఆ మాట వింటేనే నా కాళ్లు తేలిపోతాయి.

ఇక చెమట సంగతి. మట్టికుండలో నీళ్లు చల్లబడేది పైకి ఊరిన తడి ఆరబట్టే. మన ఒళ్లూ అంతే. చెమట పట్టించమనే కబురు మెదడులోని హైపోథాలమస్ నుంచి వెన్నుపాము మీదుగా చర్మానికి చేరాలి. దారిలో నరాలు దెబ్బతిని ఉంటే ఆ కబురు సరిగ్గా అందదు. అందరికీ కాకపోయినా, మాలో కొందరికి చెమట తగ్గుతుంది. దానికి తోడు, మూత్రం ఆపుకోలేని వాళ్లకిచ్చే ఆక్సీబ్యుటినిన్ లాంటి మాత్రలూ చెమటను తగ్గిస్తాయి. చీటీ రాసిచ్చినప్పుడు ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు.

కూలర్ కొనేవాళ్లకో మాట. హైదరాబాద్ పొడి ఎండకు అది బాగానే పనిచేస్తుంది. మా ఉక్కపోతలో మాత్రం గదిలో తేమ పెంచి, ఉన్న కాస్త చెమటనూ ఆరనివ్వదు. ఏసీ లేకపోతే మెడకు తడిగుడ్డ చుట్టుకుని ఫ్యాను కింద కూర్చోవడం, చన్నీళ్లు తాగడం నయం. ఒంటి వేడి తెల్లవారుజామున తక్కువ, సాయంత్రానికి ఎక్కువ కాబట్టి నా వంటంతా ఎండెక్కకముందే అయిపోతుంది.

వేడికి వచ్చిన మసక, నీరసం ఒళ్లు చల్లబడితే పోతాయి; నరాలకు కొత్తగా దెబ్బ తగిలినట్టు కాదు. అయితే జ్వరం ఉన్నా, కొత్త ఇబ్బంది ఒక రోజు దాటినా తగ్గకపోయినా, ఎండ మీదకు నెట్టేయకుండా డాక్టరుకు చూపించుకోండి.